అతిథుల కనుమ

లవణ మైదానం మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. కనుచూపు మేర తెల్లని ఉప్పు పొరలు. చెట్టు లేదు, పుట్ట లేదు, ఆకాశంలో ఒక మబ్బు తునక లేదు. పగిలిన అద్దంలా కళ్ళు చెదరగొట్టే ఆ నేల మీద రాకుమారుడు అరిందముడు ఒంటరిగా నడిచి వస్తున్నాడు. పెదవులు ఎండి చీలాయి. అయినా ఆగలేదు. ఎదురుగా ఒక ఉప్పుదిబ్బ వాలులో పసుపుపచ్చని రాశి ఏదో కనిపిస్తోంది.

దగ్గరికి వెళ్ళి చూశాడు. అవి బంతిపూల దండలు. ఎండకు కమిలి, ఉప్పుకు బిరుసెక్కి గుట్టగా పడి ఉన్నాయి. ఆ దండలు వేసుకున్న మనుషులు దండల్లోనే ఉన్నారు. ఎవరిలోనూ కదలిక లేదు.

మేఖలా రాజ్యాన్నేలే వీరధ్వజుడికి అరిందముడు స్వయానా తమ్ముడు. నది ఒడ్డున బతికే తుంగరేవు వాసులందరినీ 'సాగనంపు ఉత్సవం' జరిపి కనుమ దాటిస్తామని అన్నగారు ప్రకటించిన రోజున, "వాళ్ళని ఎక్కడికి పంపుతున్నాం?" అని నిండు కొలువులో అడిగినవాడు అతనొక్కడే. మర్నాడు రాజధాని వీధుల్లో దండోరా మోగింది: "రాకుమారులవారు తీర్థయాత్రకు తరలి వెళ్ళారహో!" ఆ దండోరా చెవిన పడేసరికి అరిందముడు కోట నేలమాళిగలో సంకెళ్ళతో ఉన్నాడు. కావలివాళ్ళ కన్నుగప్పి తప్పించుకుని, అప్పటికే కనుమ దాటించిన మొదటి బిడారు ఏమైందో తేల్చుకోవాలని కొండల మీదుగా ఇవతలికి దిగాడు.

ఇప్పుడు తేలింది.

దిబ్బ చాటున ఒక మూలుగు వినిపించింది. అరిందముడు పరుగెత్తాడు. అక్కడ పడి ఉన్నవాణ్ణి చూడగానే పోల్చుకున్నాడు. బొల్లన్న! చిన్ననాట తనను పడవలో కూర్చోబెట్టుకుని తెడ్డు వెయ్యడం నేర్పిన తుంగరేవు పడవవాడు.

"ఎవురూ... చినదొరగారా?"

"నేనే బొల్లన్నా. మాట్లాడకు. ముందు నీళ్ళు తాగు."

తోలుతిత్తి నోటి దగ్గర పెడితే బొల్లన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "నాకొద్దు బాబూ. ఎవురన్నా బతికుంటే ఆళ్ళకి పొయ్యండి."

అరిందముడు చుట్టూ చూశాడు. పొయ్యడానికి ఎవరూ లేరు. ఆ మాట చెప్పలేక, "అలాగే పోస్తాను" అన్నాడు.

"ఇటుపక్క మీ ఊళ్ళున్నాయి, మీ చెరువులున్నాయి అన్నారు బాబూ. కనుమలో రాతి తలుపు కాడ ఆ మంత్రగాడు వాగ్భైరవుడు ఒక్కొక్కర్నీ అడిగాడు, ఎవరు నువ్వు అని. అతిథినండీ అన్నాం. మరేమంటాం? పుట్టినకాణ్ణించీ మా పేరు అదే కదా. అనగానే తలుపు తెరుసుకుంది. ఇవతలకొచ్చి ఎనక్కి తిరిగితే తలుపు లేదు. కొండ ఉంది. నున్నటి కొండ. గోళ్ళూడిపోయేదాకా గీరాం."

"ఇంక చెప్పకు బొల్లన్నా."

"సెప్పాలి బాబూ. రెండో బిడారు రేపు బయలుదేరతాది. అందులో మాయమ్మ ఉంది. నా కూతురు చెంగలి ఉంది. రావొద్దని సెప్పండి. మీరు సెబితే ఇంటారు."

తన చేతికున్న, తుంగతో అల్లిన కడియాన్ని బొల్లన్న తియ్యబోయాడు. వేళ్ళు సహకరించలేదు. అరిందముడే దాన్ని మెల్లగా తీసుకున్నాడు. తల ఎత్తేసరికి బొల్లన్న కళ్ళు రెప్ప వాల్చకుండా సూర్యుణ్ణి చూస్తున్నాయి.

అరిందముడు తన ఉత్తరీయం ఆ ముఖం మీద కప్పి లేచాడు. ఏడవడానికి కూడా తీరిక లేదు.

* * *

లవణ మైదానానికీ మేఖలా రాజ్యానికీ నడుమ శంఖశైలాలు ఆకాశాన్ని ఒరుసుకుంటూ నిలిచి ఉన్నాయి. తెల్లని శిఖరాలు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు ఎదిగి, సంజ వెలుగులో కుంకుమ పూసిన శంఖాల్లా మెరుస్తాయి. వాటి మధ్య ఉన్న ఒకే ఒక్క సందు, వాగ్భైరవుడు రాతి తలుపు నిలిపిన కనుమ. అది కాక మేకలు కూడా ఎక్కడానికి జంకే దొంగదారి ఒకటి ఉంది. వచ్చిన ఆ దారినే అరిందముడు మళ్ళీ ఎక్కసాగాడు.

సగం కొండ ఎక్కాడో లేదో, తల మీద గాలి చీలిన చప్పుడైంది. ఇత్తడి ముక్కుల రాబందులు! వాగ్భైరవుడు కొండలకు కాపలా పెట్టిన మాయాపక్షులు. ఒక్కొక్క రెక్క ఓడ తెరచాపంత ఉంది. మొదటిది గోళ్ళు చాచి దూకింది. అరిందముడు బండకు కరుచుకుని, ఒక చేత్తో కత్తి దూసి దాని మెడ మీద వేటు వేశాడు. ఖణేలుమని కత్తి సగానికి విరిగింది. పక్షి అరుస్తూ లోయలోకి దొర్లిపోయింది. రెండోది అతని భుజం పట్టి గాలిలోకి లేపింది. కాళ్ళ కింద పాతాళం. అతను గిలగిల్లాడలేదు. విరిగిన కత్తి మొనను సూటిగా దాని పొట్టలోకి దించి, రెండు చేతులా దాని కాళ్ళు పట్టుకున్నాడు. ప్రాణం పోతున్న రాబందు తూలుతూ, తిరుగుతూ శిఖరం దాటి, అవతలి వాలులో చింతతోపుల మీద కుప్పకూలింది.

స్పృహ వచ్చేసరికి తెల్లవారింది. భుజం నుంచి నెత్తురు కారుతోంది. దూరంగా భేరీలు మోగుతున్నాయి.

చెట్ల సందులోంచి చూస్తే శ్యామలా నదీ తీరమంతా కన్నుల పండువుగా ఉంది. ముత్యాల జాలరు గొడుగులు, పట్టు జెండాలు, నుదుట పట్టాలు కట్టిన ఏనుగులు, సన్నాయి మేళాలు. దారికి రెండు పక్కలా రాజధాని జనం నిలబడి పూలు చల్లుతున్నారు. నడుమ తుంగరేవు వాసులు పసుపు బట్టలు కట్టుకుని, మెళ్ళో బంతిదండలతో, నెత్తిన మూటలతో బారులు తీరి నడుస్తున్నారు.

తుంగరేవు కథ రాజ్యంలో తెలియనివాళ్ళు లేరు. అరిందముడి ముత్తాత కాలంలో తూర్పు సముద్రం పొంగి ఊళ్ళకు ఊళ్ళు మునిగితే, బతికి బయటపడ్డవాళ్ళు పడవల్లో వచ్చి ఈ ఒడ్డున దిగారు. ముత్తాత సోమకీర్తి మహారాజు దయగలవాడు. "వీళ్ళు మన అతిథులు. వీళ్ళనెవరూ నొప్పించరాదు" అని చాటించాడు. ఆ అతిథులు బురద తవ్వి, గట్లు పోసి, తుంగ పీకి, మోకాటిలోతు చిత్తడిని బంగారం పండే మాగాణి చేశారు. అతిథుల దగ్గర పన్నేమిటని తాతగారు వాళ్ళకు శిస్తు మాఫీ చేశారు. శిస్తు కట్టనివాడికి భూమి మీద హక్కు ఉండదు కనుక, పొలం ఏనాడూ వాళ్ళది కాలేదు. అతిథుల్ని తగవుల్లోకి లాగడం మర్యాద కాదని తండ్రిగారు న్యాయసభలో వాళ్ళ సాక్ష్యం మాన్పించారు. అతిథుల చేత యుద్ధం చేయిస్తామా అని ఆయుధాలూ దూరం చేశారు. అన్నీ గౌరవంగానే జరిగాయి. ఏటేటా వసంతోత్సవంలో వాళ్ళ మెళ్ళో పూలదండలు పడుతూనే ఉన్నాయి. చిన్నతనంలో అరిందముడు కూడా మునివేళ్ళ మీద నిలబడి వేశాడు.

పోయిన ఏడు వానలు కురవలేదు. రాజధానిలో ధాన్యం కరువైంది. నది పక్కనున్న ఆ మాగాణి మీద అందరి కళ్ళూ పడ్డాయి. అప్పుడు వాగ్భైరవుడు కొలువులో లేచి, తేనెలూరే గొంతుతో ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: "మహారాజా, అతిథి అన్నవాడు ఎన్నాళ్ళుంటాడు?"

ఆ ప్రశ్నతోనే సాగనంపు ఉత్సవం ఖాయమైంది. కత్తి దూయవలసిన పనే లేకపోయింది.

* * *

అరిందముడు నది ఒడ్డున ఖాళీగా ఉన్న ఒక గుడిసెలో దూరాడు. పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగా ఉంది. దండెం మీద మిగిలిన చిరుగు పంచె కట్టుకుని, రాబందు పొట్టలోంచి పెరికి తెచ్చిన విరిగిన కత్తిని మొలలో దాచుకుని, ఒంటికి బురద పూసుకుని, మూలనున్న తుంగ గొడుగు నెత్తిన పెట్టుకుని ఊరేగింపులో కలిశాడు.

పక్కన నిలబడ్డ నగర స్త్రీ ఒకామె పమిటతో కళ్ళు తుడుచుకుంటోంది. "ఉండిపొమ్మంటే బాగుండును వదినా. కానీ వాళ్ళ ఊరు వాళ్ళు వెళ్తామంటే మనం ఎలా ఆపుతాం?" అంటోంది. ఆమె నిజంగానే ఏడుస్తోంది. ఆమె వెనక పొలాల్లో రాజభటులు అప్పుడే హద్దురాళ్ళు పాతుతున్నారు.

బిడారు నడుమ మాచమ్మ కనిపించింది. బొల్లన్న తల్లి. నడుం వంగినా నడకలో బిగువు తగ్గని మనిషి. అరిందముడు ఆమె పక్కకు చేరి, చప్పుడు కాకుండా కడియం ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది నేనే అల్లాను" అంది. తర్వాత అతని ముఖంలోకి చూసింది. బురద మాటున మనిషిని పోల్చుకుంది.

"దాహానికా బాబూ?"

"అవునవ్వా."

వెనక భేరీలు తరుముతున్నాయి. ఆగడానికి లేదు. ఆమె నడుస్తూనే ఉంది.

"నీళ్ళు తాగాడా?"

"నేను ఇచ్చాను. బతికున్నవాళ్ళకి పొయ్యమన్నాడు."

మాచమ్మ కడియాన్ని మణికట్టుకు ఎక్కించుకుంది. కన్నీళ్ళు ముడతల వెంబడి జారి దండ మీద పడుతున్నాయి. ఆమె తుడుచుకోలేదు.

"అవ్వా, విను. అవతల ఊళ్ళు లేవు, చెరువులు లేవు. ఉప్పు తప్ప ఏమీ లేదు. ఆ తలుపు మీరు మీ నోటితో అన్న మాటకే తెరుచుకుంటుంది. అతిథినని అనకండి. ఇది మా ఊరు అనండి. అందరికీ చెప్పు."

"ఎట్టా అంటాం బాబూ?" ఆమె గొంతులో కోపం లేదు. "నా చిన్నప్పుడు మా అయ్య కొత్త వరి కట్ట ఇంటికి తెచ్చి, మా పొలంలో పండింది అన్నాడు. మాయమ్మ గబుక్కున ఆయన నోరు మూసింది. ఎవురన్నా ఇంటారన్న భయం కాదు బాబూ. ఆవిడికి సిగ్గేసింది. ఎవురింటోనో తింటా, ఈ ఇల్లు నాదే అన్నట్టు. ఆ సిగ్గు నాక్కూడా ఉంది. నోరు తిరగదు."

"నీ మనవరాలి కోసమైనా తిప్పు. చెంగలి ఏది?"

మాచమ్మ ముఖం పాలిపోయింది. "పిల్లల్ని ముందు నడిపిత్తన్నారు. పూలపళ్ళేలు పట్టుకుని."

ఆమె గొంతు తగ్గించి పక్కవాళ్ళకు చెప్పింది. మాట చెవి నుంచి చెవికి పాకింది. కొందరు గుండెలు బాదుకున్నారు. కొందరు నమ్మలేదు. "ఇన్నేళ్ళు ఆదరించినోళ్ళు సంపుతారా?" అని ఒకడు కసిరాడు. అరిందముడు జనాన్ని తోసుకుంటూ ముందుకు ఉరికాడు.

* * *

కనుమ మొగన రాతి తలుపు. తాటిచెట్టంత ఎత్తు, అంతా నల్లరాయి. దాని ముందు వెండి పీఠం మీద వాగ్భైరవుడు కూర్చుని ఉన్నాడు. సన్నని దేహం, పాలలాంటి గడ్డం, మెడలో నాలుకల ఆకారంలో చెక్కిన పగడాల హారం. అతను ఎవరినీ గద్దించడు. అతని గొంతు వింటే పసిపిల్లలు కూడా దగ్గరకు వస్తారు.

వచ్చారు కూడా. అందరికంటే ముందు చెంగలి నిలబడి ఉంది. ఆరేళ్ళ పిల్ల, మోకాళ్ళ దాకా వేలాడే దండ.

"ఎవరు నువ్వమ్మా?"

"అతిథినండీ!"

నేర్పిన ప్రకారం చేతులు జోడించి, ఒక్క అక్షరం తడబడకుండా చెప్పింది. చూస్తున్న జనం మురిసిపోయి చప్పట్లు కొట్టారు. రాతి తలుపు గర్జిస్తూ తెరుచుకుంది. చెంగలి వెనక్కి తిరిగి నాయనమ్మ కోసం ఒకసారి చూసి, లోపలికి నడిచింది. వెనకే పిల్లలంతా అదే మాట అంటూ వెళ్ళారు. పిల్లలకు దూరమవుతామని తల్లులు పరుగున వచ్చి, "అతిథిని, అతిథిని" అని గబగబా అంటూ తలుపులో పడ్డారు.

"ఆగండి!" అరిందముడు గొడుగు విసిరేసి తలుపు ముందు నిలిచాడు. "అవతల చావు ఉంది! మొదటి బిడారు శవాలను నేను చూసి వచ్చాను!"

మేళాలు ఆగిపోయాయి. బురద ఒంటితో నిలబడ్డవాడు తమ రాకుమారుడని జనమంతా గుర్తుపట్టారు. ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

వాగ్భైరవుడు పీఠం మీంచి లేవను కూడా లేదు. "ప్రజలారా, మన రాకుమారులవారు ఎక్కడ ఉన్నారు?"

ఒక వర్తకుడు తల వంచుకుని, "తీర్థయాత్రలో ఉన్నారు స్వామీ" అన్నాడు.

"మరి ఇతనెవరు?"

అరిందముడు వాళ్ళ ముఖాల్లోకి చూశాడు. అతనికి కత్తి పట్టడం నేర్పిన సేనాని అక్కడే ఉన్నాడు. పండగలకు అతని పల్లకీ మోసినవాళ్ళు ఉన్నారు. ఒక్కొక్కరే చూపు దించుకున్నారు. "తెలియదు" అన్న మాట మెల్లగా, గాలికి ఆకులు కదిలినట్టు, ఆ చివర నుంచి ఈ చివర దాకా వినిపించింది. రాబందు గోళ్ళు చేసిన గాయం అంత నొప్పి పెట్టలేదు.

భటులు అతన్ని చుట్టుముట్టారు. అంతలో మాచమ్మ అక్కడికి చేరింది.

"రా తల్లీ" అన్నాడు వాగ్భైరవుడు. "నీ మనవరాలు నీ కోసం చూస్తోంది. ఎవరు నువ్వు?"

ఆమె పెదవులు కదిలాయి. వాగ్భైరవుడు చిరునవ్వుతో మళ్ళీ అడిగాడు. ఆమె చేతికున్న కడియాన్ని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది.

"నేను మాచమ్మని" అంది. "ఆ కనిపించే మడి నేను నాటింది. ఆ గట్టు మా అయ్య పోసింది. నా బొల్లన్న బొడ్డు కోసి ఈ మట్టిలోనే పాతాను. అంతకంటే నాకేం తెలవదు. ఇంకో పేరు నాకు లేదు."

తలుపులోంచి ఎముకలు విరిగినట్టు చప్పుడు పుట్టింది. నల్లరాయి మీద పైనుంచి కింది దాకా ఒక బీట పడింది. వాగ్భైరవుడి హారంలోంచి ఒక పగడం తెగి నేల మీద దొర్లింది. మొదటిసారి అతని ముఖంలో నవ్వు మాయమైంది.

మాచమ్మ వెనకనున్నవాడు మూట దించి నేల మీద కూర్చున్నాడు. "నేను తూము కాడ కాపలా ఉండే రావుగాణ్ణి. ఇంకో పేరు లేదు." ఆ వెనక ఇంకొకడు. ఆ వెనక ఒక ఇల్లంతా. మెళ్ళో దండలు తెంపి పక్కన పెట్టి, బిడారు బిడారంతా కూలబడింది. భటులు ఎవరిని లేపాలో తెలియక నిలబడిపోయారు.

కానీ తలుపు మూసుకుంటోంది. పిల్లలూ తల్లులూ అవతలే ఉండిపోయారు.

"నా చెంగలి!" మాచమ్మ కేక పెట్టింది. తలుపు వైపు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి చూసింది. ఆ ఒక్క మాట తానిప్పుడు అంటే తలుపు మళ్ళీ బార్లా తెరుచుకుంటుంది. కూర్చున్నవాళ్ళందరూ ఆమె వెనకే లేచి అదే మాట అంటారు. ఆమె పమిట నోట్లో కుక్కుకుంది. కళ్ళు మాత్రం అరిందముణ్ణి వెతికాయి.

"అవ్వా, నేనున్నాను" అన్నాడతను.

పట్టుకున్న భటుణ్ణి మోచేత్తో పొడిచి విడిపించుకున్నాడు. దగ్గర్లో నిలబెట్టిన ఏనుగు మీంచి నీళ్ళ తిత్తులు రెండు లాగి భుజాన వేసుకున్నాడు. బాణం ఒకటి చెవిని రాసుకుంటూ పోయింది. ఇంకొకటి తిత్తికి తగలబోతే విరిగిన కత్తితో పక్కకు కొట్టాడు. తలుపు సందు మనిషి వెడల్పుకు వచ్చింది. అడుగు పెట్టబోతే గాలే గోడై అతన్ని వెనక్కి నెట్టింది. మాట చెప్పనివాణ్ణి ఆ తలుపు పోనివ్వదు.

"చెప్పండి రాకుమారా" అన్నాడు వాగ్భైరవుడు మెత్తగా. "ఎవరు మీరు?"

అరిందముడు ఒక్కసారి వెనక్కి చూశాడు. నది, పచ్చని మడులు, దూరాన రాజధాని గోపురాలు.

"అతిథిని" అన్నాడు.

తలుపు అతన్ని మింగి మూసుకుంది.

* * *

అవతల ఎండ. ఏడుస్తున్న పిల్లలు, దిక్కు తోచక నిలబడ్డ తల్లులు. చెంగలి పరుగున వచ్చి అతని వెనక చూసింది. "నాయనమ్మ రాలేదా?"

"రాలేదమ్మా. అక్కడ పనుంది" అన్నాడు. ఆ పిల్లకు ఒక గుక్కెడు నీళ్ళు పట్టి, అందరికీ గుక్కెడు చొప్పున పంచాడు.

తర్వాత కొండల వైపు తిరిగాడు. నిన్న తాను ఎక్కిన దొంగదారి ఎక్కడుందో అతనికి తెలుసు. వంపు వంపూ గుర్తుంది. పిల్లల్ని వీపున కట్టుకుని ఒక్కొక్కరినే దాటించవచ్చనుకున్నాడు. ఎంతసేపు చూసినా అక్కడ దారి లేదు. నున్నటి తెల్లని రాయి బీట లేని గోడలా నిలిచి ఉంది. అతను దగ్గరికి వెళ్ళి చేత్తో తడిమాడు. చేతికీ దారి తగల్లేదు. అతిథినని తన నోటితో అన్నవాడికి ఆ కొండ ఇక దారి ఇవ్వదు.

"దొరా, అటు చూడండి!" ఒక తల్లి అరిచింది.

మైదానం చివర, నీటిచుక్క లేని ఉప్పునేల మీద, నల్లని తెరచాప ఒకటి కదులుతోంది. దాని కింద ఓడ. ఉప్పును నురగలా చిమ్ముకుంటూ నేరుగా వీళ్ళ వైపే వస్తోంది.

అరిందముడు విరిగిన కత్తి పిడి బిగించి, "అందరూ నా వెనక్కి రండి" అన్నాడు.

ఎవరూ రాలేదు. అతను తిరిగి చూశాడు. తల్లులు గబగబా పిల్లల ముఖాలు తుడుస్తున్నారు. చెదిరిన జుట్టు సవరిస్తున్నారు. చిన్నవాళ్ళను ముందు వరుసలో నిలబెట్టి, నలిగిన దండలు సర్ది, చేతులు జోడించమని చెబుతున్నారు. వచ్చేవాళ్ళ ఎదుట మళ్ళీ అతిథుల్లా మర్యాదగా నిలబడాలని వాళ్ళకు తెలిసినదంతా చేస్తున్నారు. "నవ్వమ్మా, నవ్వు" అంటోంది ఒక తల్లి, తన కూతురి కన్నీళ్ళు వేలితో తుడుస్తూ.

బొల్లన్న శవం దగ్గర రాని ఏడుపు అప్పుడు వచ్చింది అతనికి. వద్దని చెప్పబోయాడు. ఇంకేం చెయ్యమని చెప్పాలో తోచలేదు.

ఓడ మీద ఎవరో చెయ్యి ఎత్తారు. ఆ చేతిలో ఏదో తళుక్కుమంది. అది నీళ్ళ చెంబో, బల్లెమో అంత దూరం నుంచి తెలియలేదు. అరిందముడు ఏడుస్తూనే, కత్తి దించకుండానే, ఉప్పు మీద ఓడకు ఎదురు నడిచాడు.